తావోర్మీనా యాత్ర: పైన ఊరు, కింద సముద్రం, మధ్యలో మెట్లు

సిసిలీ ద్వీపం తూర్పు తీరాన, సముద్రానికి సుమారు 200 మీటర్ల ఎత్తులో కొండ అంచున ఉన్న ఊరు తావోర్మీనా. ఫొటోల్లో ప్రాచీన థియేటర్, నీలం సముద్రం, వెనక ఎట్నా అగ్నిపర్వతం అన్నీ ఒకే ఫ్రేములో పక్కపక్కనే కనిపిస్తాయి. దిగి చూస్తే లెక్క వేరు. బీచ్ కింద. రైల్వే స్టేషన్ కింద. ఊరూ థియేటరూ పైన. వాటికి పైన పాత కోట, ఆ కోటకీ పైన ఇంకో ఊరు. మ్యాపులో అర కిలోమీటరు అని చూపించే చోటికి మధ్యలో వందల మెట్లు ఉంటాయి. ఏ రోజు ఎన్నిసార్లు దిగుతాం, ఎన్నిసార్లు ఎక్కుతాం అన్నది ముందు తేల్చుకుంటే హోటల్ ఎక్కడ, ఎన్ని రోజులు, పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా లేదా అన్న ప్రశ్నలన్నీ సులువైపోతాయి.

రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టించే ప్యాకేజీ టూర్లలో ఈ ఊరు సాధారణంగా ఉండదు. సొంతంగా ప్లాన్ చేసుకోవాల్సిందే. ఏమంత కష్టం కాదు, వరుస తప్పకుండా చేసుకుంటే చాలు.

మొదటి మెట్టు: నెల ఖాయం చేసుకోండి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య దాకా ఒక సీజన్, సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ చివరి దాకా ఇంకోటి. ఈ రెండింటిలో ఏది మంచిదంటే, మీకు సముద్రం ముఖ్యమా, కొండ ముఖ్యమా అని అడగాలి. వేసవంతా ఎండకు కాగిన నీళ్లు అక్టోబర్‌లో కూడా వెచ్చగానే ఉంటాయి. మే నెలలో పైన ఎండ కాస్తున్నా నీళ్లు చల్లన; మోకాళ్ల దాకా దిగి వెనక్కి వచ్చేసేవాళ్లే ఎక్కువ. కానీ మేలో కొండ వాలంతా పూలుంటాయి, ఎట్నా నెత్తిన మంచు ఇంకా మిగిలి ఉంటుంది, నడిచినా చెమట పట్టదు. మన పిల్లల వేసవి సెలవులు కూడా సరిగ్గా అప్పుడే కాబట్టి కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా ఓటు మే నెలకే. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 ఇటలీలో సెలవు రోజులు. ఆ తేదీల పక్కన శనాదివారాలు వస్తే హోటళ్లు ముందే నిండిపోతాయి.

జులై, ఆగస్టు వద్దు. ఎండ ఒక కారణం, జనం అంతకంటే పెద్ద కారణం. ఆగస్టు 15 ఇటాలియన్లకు పెద్ద పండుగ, దాని చుట్టూ రెండు వారాలు దేశమంతా సముద్రం ఒడ్డునే ఉంటుంది. నవంబర్ నుంచి మార్చి దాకా చాలా హోటళ్లు మూసేస్తారు, వానలుంటాయి. బీచ్ మీద ఆశ లేకుండా ఊరు మాత్రమే చూడాలనుకునేవాళ్లకు చలికాలం చవక, ప్రశాంతం.

రెండో మెట్టు: వీసా

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే నియమాలు తెలిసినవే. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే షెంజెన్ వీసా, అంటే ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి పనికొచ్చే ఒకే వీసా, తప్పనిసరి. ట్రిప్‌లో ఎక్కువ రోజులు ఇటలీలో ఉంటేనే ఇటలీకి దరఖాస్తు చేయాలి. రెండు రోజులు సిసిలీ, ఆరు రోజులు ఫ్రాన్స్ అయితే అది ఫ్రాన్స్ వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆ 15 రోజుల మాట నమ్ముకుని కూర్చోవద్దు, వేసవికి స్లాట్లు దొరకడమే గగనం. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. దరఖాస్తు కేంద్రం సర్వీస్ చార్జీ దీనికి అదనం. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్ట్ గడువు మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలైనా మిగిలి ఉండాలి.

బుకింగుల వరుస ఇలా పెట్టుకోండి: ముందు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్, తర్వాత విమానం రిజర్వేషన్, తర్వాత ఇన్సూరెన్స్, చివర అపాయింట్‌మెంట్. డబ్బు వెనక్కి రాని హోటల్‌ను వీసా చేతికి రాకముందు ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లకూ వీసా కావాలి, మీరున్న రాష్ట్రం నుంచే దరఖాస్తు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటూ అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు అక్కర్లేదు, ఆ కార్డూ పాస్‌పోర్టూ వెంట ఉంటే సరిపోతుంది. 2025 అక్టోబర్ నుంచి షెంజెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ ముద్రకు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు క్యూలో కాస్త సమయం పడుతుంది. తర్వాతి విమానానికి గంట మాత్రమే ఉండేలా టికెట్ తీసుకోవద్దు.

మూడో మెట్టు: చేరుకోవడం

దగ్గరి విమానాశ్రయం కతానియా. హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారి రోమ్ చేరి, అక్కడి నుంచి ఇంకో చిన్న విమానంలో కతానియా వెళ్లడం మామూలు దారి. విమానాశ్రయం బయటే తావోర్మీనా బస్సు దొరుకుతుంది. గంటన్నర లోపు ప్రయాణం, బస్సు నేరుగా కొండెక్కి ఊరి గుమ్మం దగ్గర దించుతుంది. సామాన్లు ఎక్కువుంటే ఇదే మేలు. రైల్లో వస్తే తావోర్మీనా-జార్దీనీ స్టేషన్‌లో దిగాలి. అది సముద్రం పక్కన, కొండ కింద ఉంది. అక్కడి నుంచి పైకి మళ్లీ బస్సో టాక్సీయో పట్టాలి. పెట్టెలు ఈడ్చుకుంటూ నడిచి ఎక్కేద్దాం అనే ఆలోచన మాత్రం మానుకోండి. అయితే ఆ స్టేషన్ చూడదగ్గది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన అందమైన భవనం. కతానియా నుంచి రైల్లో వచ్చేటప్పుడు కుడి వైపు కూర్చుంటే సముద్రం, ఎడమ వైపు ఎట్నా.

తీరిక ఉన్నవాళ్లు రోమ్ నుంచి రాత్రి రైలెక్కండి. విమానం కంటే చాలా ఆలస్యం, ఒప్పుకుంటాను. కానీ ఇటలీ ప్రధాన భూభాగం అయిపోయే విల్లా సాన్ జొవాన్నీ దగ్గర ఆ రైలు ఓడెక్కుతుంది. మనుషులు దిగి ఓడెక్కడం కాదు, రైలే ఎక్కుతుంది. రైలు పెట్టెలను ముక్కలుగా విడదీసి, ఓడ కడుపులో వేసిన పట్టాల మీదికి ఒక్కొక్క వరుసనే నెడతారు. ఇనుము గుద్దుకునే చప్పుడుకు బెర్తు మీద నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చుంటారు. ఓడ కదిలాక బోగీ దిగి, ఇరుకు ఇనుప మెట్లెక్కి డెక్ మీదికి వెళ్లొచ్చు. పైన చిన్న క్యాంటీన్ ఉంటుంది. మెస్సీనా జలసంధి దాటడానికి అరగంట చాలు, పెట్టెలు విడదీసి మళ్లీ కలపడానికే ఎక్కువ సేపు. జలసంధి మీద వంతెన కట్టాలని దశాబ్దాలుగా అంటూనే ఉన్నారు. ఈలోపు వెళ్లినవాళ్లకే ఈ అనుభవం.

కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఊళ్లోకి కారు రానివ్వరు. లుంబీ, పోర్తా కతానియా అనే రెండు పెద్ద పార్కింగ్‌లున్నాయి, అక్కడే వదిలేయాలి. బయటి వాహనాలను రానివ్వని ప్రాంతంలోకి తెలియక వెళ్లినా కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత మీ ఇంటి అడ్రసుకే వస్తుంది. తావోర్మీనా వరకైతే కారు దండగ అనే నా అభిప్రాయం.

నాలుగో మెట్టు: పైన ఉండాలా, కింద ఉండాలా

తిరుమల వెళ్లేముందు మన ఇళ్లలో జరిగే చర్చే ఇది: గది కొండ మీద తీసుకుందామా, కింద తిరుపతిలోనా? ఇక్కడ కింద అంటే మజ్జరో, జార్దీనీ నాక్సోస్. మజ్జరో బీచ్ పక్కనే ఉంటుంది, రోప్‌వేతో పైకి రావచ్చు, గదుల ధరలు పైనున్నంతే. జార్దీనీ నాక్సోస్ పొడవాటి తీరం వెంట పరుచుకున్న మామూలు ఊరు. నేల చదును, గదులు చవక, ఇసుక మెత్తన, సూపర్‌మార్కెట్ దగ్గర. పైకి బస్సు పట్టాలి.

పైన గది ఖరీదే. 2022లో ఒక అమెరికన్ టీవీ సీరియల్‌కు ఇక్కడి పాత డొమినికన్ మఠం హోటల్ వేదికయ్యాక ఇంకా పెరిగింది. అయినా రెండు రాత్రులైనా పైనే ఉండమంటాను. పొద్దున 10 అయ్యేసరికి క్రూయిజ్ ఓడల జనం, టూరిస్టు బస్సుల జనం ప్రధాన వీధిలోకి దిగుతారు, సాయంత్రం 5-6 గంటల దాకా భుజాలు రాసుకుంటూ నడవాల్సిందే. వాళ్లు వెళ్లిపోయాక ఊరు మళ్లీ ఊరవుతుంది. కింద ఉన్నవాళ్లకు ఆ వేళల్లో ఆఖరి బస్సు బెంగ. పైన ఉన్నవాళ్లకు గది నాలుగడుగుల్లో.

గది బుక్ చేసేముందు హోటల్‌వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. వీధి నుంచి గుమ్మానికి ఎన్ని మెట్లు? లిఫ్ట్ ఏ అంతస్తు నుంచి మొదలవుతుంది? లిఫ్ట్ ఉందని రాసి, దాని దగ్గరికి చేరడానికే ముప్పై మెట్లెక్కించే భవనాలు ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. మనిషికి రాత్రికి ఇంత అని టూరిస్టు పన్ను వేరే ఉంటుంది, హోటల్ స్థాయిని బట్టి మారుతుంది, బుకింగ్‌లో కలిసి ఉండకపోవచ్చు.

పైన మూడు రాత్రులు మంచి కొలత. ఎట్నాకు వెళ్తే నాలుగు.

అయిదో మెట్టు: ఊరు చూసే వేళలు

ఈ ఊరు కొండ మీద ఎందుకుందో తెలిస్తే చూపు మారుతుంది. క్రీ.పూ. 734లో గ్రీకులు సిసిలీలో తమ మొదటి వలసను కట్టింది ఇక్కడ కాదు, కింద నాక్సోస్‌లో. క్రీ.పూ. 403లో సిసిలీలోనే ఉన్న సిరాక్యూస్ నగర పాలకుడు మొదటి డయోనీసియస్ దాన్ని నేలమట్టం చేశాడు. చెల్లాచెదురైనవాళ్లలో మిగిలినవాళ్లను క్రీ.పూ. 358లో ఆండ్రోమాకస్ కొండ మీద కూడగట్టాడు. చరిత్రకారుడు టిమేయస్ తండ్రి ఈయన. సముద్రం ఒడ్డున దెబ్బతిన్నవాళ్లు కొండెక్కి కట్టుకున్న ఊరు కాబట్టే దీన్ని పట్టుకోవడం తర్వాత ఎవరికీ సులువు కాలేదు. సిసిలీలో బైజాంటైన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్ల) చివరి పెద్ద కోటల్లో ఒకటిగా నిలిచి, 902లో అరబ్బుల చేతిలో పడింది. 1079లో నార్మన్లు తీసుకున్నారు.

థియేటర్‌కు గేటు తెరిచే 9 గంటలకే వెళ్లండి. జనం ఒక కారణమైతే, వెలుగు రెండో కారణం: ఎట్నా ఇక్కడికి నైరుతిన ఉంటుంది, పొద్దున సూర్యుడు మీ వెనక నుంచి దాని మీద పడతాడు. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు ఎట్నా వైపే ఉంటాడు, ఫొటోలో కొండ మసకబారిపోతుంది. పై వరుస దాకా ఎక్కి కూర్చోండి. థియేటర్ మొదట గ్రీకులది, క్రీ.పూ. 3వ శతాబ్దం నాటిది. ఇప్పుడు కనిపించే ఇటుక కట్టడం చాలా వరకు రోమన్లు తిరిగి కట్టింది. సిసిలీలో సిరాక్యూస్ థియేటర్ తర్వాత ఇదే పెద్దది, వ్యాసం 109 మీటర్లు. వేదిక వెనక రోమన్లు ఎత్తయిన గోడ లేపారు. అది నిండుగా ఉన్నంతకాలం ప్రేక్షకులకు సముద్రమూ కనిపించలేదు, ఎట్నా కనిపించలేదు. కాలక్రమంలో ఆ గోడ నడిమి భాగం కూలిపోయింది. లోకమంతా చూసే ఆ ఫొటో ఆ కూలిన సందులోంచి కనిపించేదే! 1787 మేలో జర్మన్ కవి గోథే వచ్చి ఇక్కడే పైన కూర్చుని ఇలాంటి దృశ్యం ఇంకే ప్రేక్షకుల ముందూ ఉండి ఉండదన్నాడు. ఆయన చూసిందీ ఈ శిథిలాన్నే.

ఒక హెచ్చరిక. వేసవిలో ఇక్కడ కచేరీలు, ఒపెరాలు, సినిమా ఉత్సవం జరుగుతాయి. అప్పుడు వేదిక మీద ఇనుప చట్రాలు, లైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి, కొన్ని రోజుల్లో మామూలు వేళ కంటే ముందే గేటు మూసేస్తారు. జూన్ తర్వాత వెళ్లేవాళ్లు దానికి సిద్ధపడే వెళ్లాలి; లేదా కచేరీకే టికెట్ కొనుక్కోవాలి, రాత్రి ఆ రాతి మెట్ల మీద కూర్చుని వినడం వేరే సంగతి. మెత్తటి చిన్న దిండో శాలువో తీసుకెళ్లండి.

థియేటర్ అయ్యాక కోర్సో ఉంబెర్తో. మెస్సీనా గుమ్మం నుంచి కతానియా గుమ్మం దాకా 800 మీటర్ల వీధి, వాహనాలు ఉండవు, దాదాపు చదును. దుకాణాలన్నీ ఖరీదైన బ్రాండ్లు, సెరామిక్ బొమ్మలు. వాటిని వదిలేసి పక్క సందుల్లోకి దూరండి. ఒక మనిషి మాత్రమే, అదీ కాస్త ఒదిగి వెళ్లగలిగే సందు ఒకటుంది, పేరే ఇరుకు సందు. వీధి మొదట్లో పలాజ్జో కొర్వాయా: అరబ్బుల కాలం బురుజు చుట్టూ పెరిగిన భవనం, 1411లో సిసిలీ పార్లమెంటు ఇక్కడ కూర్చుంది. దాని పక్కనే చర్చి వెనకాల చిన్న రోమన్ ఓడియన్ (పాటకచేరీల చిన్న థియేటర్) శిథిలం ఉంటుంది. 1892లో బయటపడింది. చాలామంది చూడకుండానే దాటిపోతారు.

మధ్యలో నలుపు తెలుపు రాళ్లు పరిచిన చౌరస్తా వస్తుంది, ఒక పక్కంతా సముద్రం. పేరు ఏప్రిల్ 9 చౌరస్తా. 1860లో ఆ రోజు, ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన సేనాని గరిబాల్డీ సిసిలీలో దిగాడన్న వార్త ఊరంతా పాకింది. సంబరాలయ్యాయి. నిజానికి ఆయన దిగింది మే 11న. వార్త తప్పయినా పేరు అలాగే ఉంచేశారు. ఇక్కడి కెఫేల్లో కూర్చుంటే కాఫీకి కూర్చున్న చోటు ధర కూడా కట్టాలి. రెయిలింగ్ పక్క రాతి అరుగు మీద కూర్చుంటే అదే సముద్రం ఉచితం.

ఇంకొంచెం ముందుకెళ్తే 13వ శతాబ్దపు సాన్ నికోలా చర్చి, ఎదురుగా 1635 నాటి ఫౌంటెన్. దాని పైకొసన నిలబడిన బొమ్మను ఒకసారి తలెత్తి చూడండి. సగం మనిషి, సగం గుర్రం. గ్రీకు పురాణాల్లో ఈ జీవి మగది, నాలుగు కాళ్లది. ఇక్కడ ఆడది, రెండే కాళ్లు, నెత్తిన కిరీటం. ఊరి చిహ్నం ఇదే, చెత్తబుట్టల నుంచి మున్సిపల్ బోర్డుల దాకా దీన్ని గుర్తుపట్టొచ్చు. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, చున్నీ ఒకటి సంచిలో ఉంటే చాలు.

సాయంత్రానికి విల్లా కొమునాలే తోట దాచుకోండి. ఫ్లోరెన్స్ ట్రెవెలియన్ అనే ఇంగ్లీషావిడ వేసిన తోట. 1890లో ఇక్కడి సల్వతోరే కచ్చోలాను పెళ్లి చేసుకుంది, ఆ ఏడాదే కింద ఈసోలా బెల్లా ద్వీపాన్నీ కొనేసింది. ఇటుకలు, లావా రాళ్లు, విరిగిన పాత స్తంభాలు ఏవి దొరికితే అవి కలిపి కట్టించిన వింత మంటపాలు తోటలో ఉన్నాయి. బెంచీలు బోలెడు, ప్రవేశం ఉచితం.

ఆరో మెట్టు: దిగడం

సముద్రానికి రెండు దారులు. మెస్సీనా గుమ్మానికి దగ్గర్లో రోప్‌వే, కొద్ది నిమిషాల్లో మజ్జరోకు దింపుతుంది. ఆఖరి క్యాబిన్ ఎన్నింటికో అక్కడి బోర్డు మీద చూసుకునే దిగండి, సీజన్‌ను బట్టి మారుతుంది. రెండోది పిరాండెల్లో రోడ్డు మీది వ్యూపాయింట్ నుంచి మొదలయ్యే మెట్ల దారి, ఇరవై పాతిక నిమిషాల్లో ఈసోలా బెల్లా ఎదుట తేలుస్తుంది. నా సలహా: మెట్ల మీద దిగండి, రోప్‌వేలో ఎక్కండి. ఉప్పునీళ్లలో నానిన కాళ్లతో, తడి తువ్వాలు మోసుకుంటూ మధ్యాహ్నం ఎండలో ఆ మెట్లెక్కడం ఎవరి వల్లా కాదు.

ఈసోలా బెల్లాకూ ఒడ్డుకూ మధ్య సన్నటి రాళ్ల దారి ఉంటుంది. నీళ్లు తగ్గినప్పుడు పైకి తేలుతుంది, మిగతా వేళల్లో చీలమండల దాకానో మోకాళ్ల దాకానో నీళ్లలో నడవాలి. ఇప్పుడది ప్రకృతి రక్షిత ప్రాంతం, ద్వీపంలోకి టికెట్ ఉంది. ముఖ్యమైన మాట: ఇక్కడ ఇసుక లేదు, గులకరాళ్లే. రబ్బరు అడుగున్న నీళ్ల బూట్లు ఇంటి దగ్గరే కొని పెట్టుకోండి. అవి లేకపోతే నీళ్లలోకి ప్రతి అడుగూ అబ్బా అనుకుంటూనే. గొడుగు, పడక కుర్చీ అద్దెకిచ్చే భాగమే ఎక్కువ, ఉచితంగా కూర్చునే జాగా తక్కువ; 10 లోపు వెళ్తేనే దొరుకుతుంది. చిన్నపిల్లలుంటే జార్దీనీ నాక్సోస్ లేదా ఉత్తరాన లెతొయాన్నీ మేలు.

ఏడో మెట్టు: ఎక్కడం

ఊరి పై వీధి నుంచి ఒక మెట్ల దారి మడోన్నా దెల్లా రొక్కా అనే చిన్న చర్చికి వెళ్తుంది. కొండ రాతిలోకి తొలిచి కట్టింది, లోపలి పైకప్పు అచ్చంగా రాయే. పైనుంచి థియేటర్ మొత్తం ఆకారం కనిపిస్తుంది. ఇంకా పైన కాస్తెల్‌మోలా, 500 మీటర్లు దాటిన ఎత్తులో. బస్సులో వెళ్లి, మెట్ల దారిన దిగి రండి. బాదం వైన్‌కు పేరున్న ఊరు. తాగనివాళ్లు బాదం బిస్కెట్లు కొనుక్కోండి. సూర్యాస్తమయానికి ముందు అరగంట అక్కడ ఉండేలా చూసుకోండి, చీకటి పడ్డాక మాత్రం మెట్లు వద్దు, బస్సే.

ఎట్నాకు ఒక రోజు మొత్తం కావాలి. 3,300 మీటర్లకు పైబడిన, ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం. దక్షిణం వైపు సుమారు 1,900 మీటర్ల దగ్గర రిఫూజియో సపియెన్జా వరకు రోడ్డుంది, అక్కడి నుంచి 2,500 మీటర్లకు రోప్‌వే. ఆపైన శిఖరం వైపు గైడు లేకుండా పోనివ్వరు. పేలుళ్లను బట్టి గైడుతోనూ ఆపేస్తారు. తావోర్మీనా నుంచి బస్సు టూర్లు దొరుకుతాయి, సొంతంగా బస్సులు మారుతూ వెళ్లడం కంటే అవే నయం. మే నెలలో కూడా పైన స్వెట్టర్, గాలికి తట్టుకునే జాకెట్ ఉండాలి. చెప్పులతో వచ్చినవాళ్లు లావా పొడిలో తిప్పలు పడతారు. అంత ఎత్తు వద్దనుకుంటే అల్కాంతరా లోయకు సగం రోజు పెట్టండి. లావా చల్లారి స్తంభాల్లా నిలిచిపోయిన గోడల మధ్య నది పారుతుంది, నీళ్లు ఎండాకాలంలోనూ గడ్డకట్టించేంత చల్లన.

తిండి సంగతి

శాకాహారులకు సిసిలీ మంచి చోటే, కాస్త అడిగి తింటే. వంకాయ ఇక్కడ రాజు. పాస్తా అల్లా నోర్మాలో వేయించిన వంకాయ, టమాటా, తులసి, పైన తురిమిన ఉప్పు రికొట్టా చీజ్. కపొనాతాలో వంకాయ, సెలెరీ, ఆలివ్‌లు, వెనిగర్, పంచదార కలిసి పుల్లపుల్లగా తియ్యతియ్యగా ఉంటాయి, చల్లారాక తింటారు. అరాంచీనీ అంటే అన్నం ముద్దలో కూరి వేయించేది, ఈ వైపు కోసుగా, చిన్న గోపురం ఆకారంలో చేస్తారు. మామూలుగా లోపల మాంసం ఉంటుంది. పాలకూరదో, వంకాయదో అడిగి తీసుకోవాలి.

దాక్కునే మాంసం మీద కన్నేయండి. కూరగాయల వంటకంలో ఆంకోవీ చేపలు కరిగించి వేస్తారు. పార్మెజాన్, పెకొరీనో చీజ్‌లు దూడ, గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెన్నెట్‌తో తోడు పెడతారు. కన్నోలీ అనే గొట్టం ఆకారపు మిఠాయి పెంకుల్లో, బ్రియోష్ రొట్టెలో పంది కొవ్వు ఉండే అవకాశం ఉంది. పట్టింపు ఉన్నవాళ్లు ఫోనులో ఈ ముక్క రాసి పెట్టుకోండి: "సోనో వెజెతారియానో, సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా అచ్చూగె." ఆడవాళ్లయితే వెజెతారియానా. మాంసం, చేప, ఆంకోవీ వద్దని అర్థం. గుడ్డు కూడా వద్దంటే "సెంజా ఉఓవా" కలపండి.

పొద్దున టిఫిన్‌కు గ్రానీతా. బాదం, నిమ్మ, పిస్తా, కాఫీ, సీజన్‌లో మల్బరీ. ఐస్‌క్రీమ్ అంత చిక్కగా ఉండదు, గోలా ఐస్ అంత గరుకుగానూ ఉండదు. చెంచా దించితే మెత్తగా విరిగే మంచు. పక్కన గుండ్రటి బ్రియోష్ ఇస్తారు, దాని నెత్తిన చిన్న ముడి ఉంటుంది. స్థానికులు ముందు ఆ ముడి తుంపి గ్రానీతాలో ముంచుకుంటారు. బాదం, కాఫీ గ్రానీతాలు కలిపి ఒకే గ్లాసులో అడగండి.

రెస్టారెంట్ వంటగదులు మధ్యాహ్నం 3 తర్వాత మూసి, రాత్రి 7.30కి తెరుస్తాయి. పిల్లలు, పెద్దలు ఉంటే ఆ మధ్యలోకి ఏదైనా దగ్గర పెట్టుకోవాలి. బిల్లులో మనిషికి ఇంత అని కూర్చున్న చార్జీ ఉంటుంది, అది మోసం కాదు. టిప్పు తప్పనిసరి కాదు.

పెద్దవాళ్లతో వెళ్తే

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే మానేయక్కర్లేదు. కోర్సో, చౌరస్తా, తోట అన్నీ హాయిగా నడవగలిగినవే. థియేటర్‌లో కింది వరుస దాకా వెళ్లి కూర్చున్నా చాలు. ఈసోలా బెల్లాకు రోప్‌వేలో దిగినా తర్వాత నడక, మెట్లు ఉంటాయి కాబట్టి వాళ్లను ఆ రోజు జార్దీనీ నాక్సోస్ తీరానికి బస్సులో పంపండి. అక్కడ నీళ్ల పక్కనే చదునైన నడక దారి. కాస్తెల్‌మోలాకు బస్సులో రెండు వైపులా. మందుల చీటీ ఇంగ్లీషులో, మందులు చేతి సంచిలో. అత్యవసర నంబరు 112.

తిరుగు ప్రయాణం

ఆదివారాలు, సెలవు రోజుల్లో బస్సులు తక్కువ. తిరిగి వెళ్లే రోజు అదైతే టైమ్‌టేబుల్ ముందురోజే చూసుకోండి. ఎట్నా బూడిద చిమ్మితే కతానియా విమానాశ్రయం కొన్ని గంటలు మూసేస్తారు, అప్పుడప్పుడూ జరిగేదే. కాబట్టి రోమ్ నుంచి ఇండియా విమానం ఉన్న రోజే పొద్దున కతానియాలో ఎక్కేలా ప్లాన్ చేయొద్దు. ఒక రాత్రి రోమ్‌లో మిగుల్చుకోండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే ఇంకా మంచిది, ఆలస్యమైతే బాధ్యత ఎయిర్‌లైన్‌ది అవుతుంది. కతానియా నుంచి మీ విమానం తెల్లవారుజామునైతే ఆఖరి రాత్రి ఆ ఊళ్లోనే గది తీసుకోండి. 1693 భూకంపం తర్వాత నల్ల లావా రాయితో తిరిగి కట్టిన నగరం అది. సాయంత్రం ప్రధాన చౌరస్తాలో లావా ఏనుగు విగ్రహం చూసి, వంకాయ పాస్తా ఇంకోసారి తినొచ్చు. విమానాశ్రయానికి సిటీ బస్సు నడుస్తుంది. మొదటి బస్సు ఎన్నింటికో హోటల్‌లో దిగగానే అడిగి పెట్టుకోండి.